అరవై గళ్ల పలక

నాలుక కొసన తడిపిన కుంచె,
నాలుగే వెంట్రుకలది.
దాంతో ఒక ఇల్లు ఎత్తుతాను.
గదులూ గోడలూ అన్నీ ఉండే ఇల్లు.
పక్కన ఆవగింజ పెడితే
ఆవగింజ గుమ్మడికాయ.

మా అమ్మ చెంగమ్మ పీలేరు మిల్లులో
ఇరవై రెండేండ్లు చెనిగ్గింజలు ఏరింది.
పుచ్చుది ఒక పక్కకి, ముడతది ఒక పక్కకి,
బాగుండేది గోతాంలోకి.
"నువ్వూ ఏరే పనే చేస్తా ఉండావు కదే" అంటుంది ఫోన్లో.
అవునుమా.
కాకపోతే నా దాంట్లో పుచ్చుదంటూ ఏదీ లేదు.

పులికాట్ అడుగు నుంచి
ఢిల్లీబాబు పడవలో తీసిన బురద
మూడు డబ్బాలు, బస్సులో నా కాళ్ల సందున
తిరుపతి దాకా వచ్చింది.
ముందు సీట్లో ఒకామె, రేపటికి ఉండని తన జడని
ఊరికూరికే తడుముకుంటా ఉండింది.

ల్యాబులో జల్లెడ మీద కడిగితే
బురదంతా సింకులోకి పోయి
చారెడు ఇసక మిగిలింది.
అద్దం కింద అది ఇసక కాదు.

ఒకటి నత్తలా చుట్టుకుంది.
ఒకటి రెండు పాయల జడ,
ఈ పక్కొక గది, ఆ పక్కొక గది.
ఒకటి పింగాణీ, పాలమీగడ తెలుపు.
ఒకటి మెడతో సహా సీసా, లోపల ఏమీ లేదు.
ఇంకొకదానికి సున్నం చేతకాలేదో, నచ్చలేదో,
దొరికిన రేణువులే తెచ్చి పేర్చుకుంది,
పెద్దరాళ్ల సందుల్లో చిన్నరాళ్లు కూరి,
మా ఊరి ఒడ్డోళ్లు బావికి రాతికట్టు కట్టినట్టే.
చేతుల్లేవు. కండ్లు లేవు.
ఉన్నదంతా ఒక్క కణం.
ముందు గదికన్నా వెనక కట్టేది
కొంచెం పెద్దదిగా ఉండాలని
ఎవురు చెప్పినారు దానికి?
పాతగదిని కూలదొయ్యదు కూడా.
అందులోనూ తానే ఉంటుంది.

ఇండ్లు లేనోళ్ల సంగతి వేరే.
వాళ్లని బతికుండగానే చూడాల.
ఒక చుక్క నీళ్లలో
ఒంటినిండా తెడ్లేసుకుని ఒకటి
చెప్పులాగా దూసుకుపోయింది.
కాడ మీద గంటలా కూచున్న ఒకటి
నేను బల్లకి మోచెయ్యి తగిలిస్తే ఉలిక్కిపడి
స్ప్రింగులా ముడుచుకుంది.
ఇంకొకటి గాజు మీద నడిచింది, నిజంగా నడిచింది,
వెంట్రుకల కుచ్చుల్నే కాళ్లు చేసుకుని.
దాని బొమ్మ గీస్తా ఉంటే దీపం వేడికి చుక్క ఆరి
పగిలిపోయింది.
పొట్టు లేదు, పెంకు లేదు.
పలకలో దాని గడి ఖాళీ.

జియాలజీ మునిరత్నం సారు ఒకసారి
ఘాట్ రోడ్డు మలుపులో బండాపి చూపించినాడు,
ఎర్రబండ మీద అలల గీతలు.
ఇక్కడ సముద్రం ఉండింది అన్నాడు.
నేను జేబులోంచి భూతద్దం తీసి ఎంతసేపు వెతికినా
ఒక్క గది కనిపించలా.
"అప్పటికింకా గోడ కట్టేది ఎవురూ నేర్చుకోలా పాపా."
అలలు మాత్రం వచ్చిపోయినాయి.

గులాబీ రంగులో నానబెడితే
మేం పట్టేనాటికి బతికున్నవి ఎర్రబడతాయి.
బతుకు తెలిసేది అట్ల, చంపినాక.
ఈరోజు మున్నూటిలో పదకొండు.
పదకొండోదాని ఎరుపు కొసగది దాకా ఉంది,
ఆ గదికి గోడ సగమే.
ఢిల్లీబాబు "చాలా మేడమ్, ఇంకొక డబ్బా తియ్యాలా" అని అడిగినప్పుడు
కడతా ఉండిందేమో.
ఇంకొకటి తియ్యమన్నది నేనే.

నలభై ఒకటో గడిలో
జిగురు చుక్క పెట్టి దాన్ని ఆనించినాను.
కుంచె కొస మళ్లీ నోట్లో పెట్టుకోబుద్ధి కాలా కాసేపు.

రాత్రి అమ్మ ఫోను.
"ఎన్ని ఏరినావు ఈపొద్దు?"
మున్నూరుమా.
"గోతాం నిండేకి ఎన్ని దినాలు పడతాదే?"
కాగితం మీద లెక్క మొదలుపెట్టినాను.
సున్నాలు అంచు దాటి
బల్ల మీదికి పోయినాయి.
"ఉండావా?" అంటా ఉంది అమ్మ.